ఎడమ కార్నర్

నేను ఒక ట్రాక్టరు టైరును. అందులోనూ వెనక చక్రం టైరును. దారి చూపించేవి ముందు చక్రాలు కాబట్టి పేరు వాటికి దక్కింది. బరువు లాగేది మేము కాబట్టి బురద మాకు దక్కింది. ఈ మాట కాస్త కడుపుమంటతోనే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడో ఫ్యాక్టరీలో వేడి రబ్బరును అచ్చులో నొక్కి, ఒంటినిండా లోతైన గట్లు తీసి బయటికి తోశారు. నన్ను మొదట ఏలినవాడు గంగాడవలస సత్యంనాయుడు. ఆయన పొలం దున్నాను, ఆయన చెరుకును చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా మోసి అక్కడ వరసలో రోజుల తరబడి ఎండాను. గట్లు అరిగి, పక్కన రాయి కోసుకుని, అతుకు కూడా నిలవని రోజున నాయుడు నన్ను జంక్షన్‌లో పంక్చరు షాపు ముందు దింపేసి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. షాపువాడు నా ఒంటి మీద తెల్లరంగుతో "పంక్చర్" అని రాసి రోడ్డు పక్కన నిలబెట్టాడు. ఒంటి మీద రోగం పేరు రాయించుకుని నిలబడ్డం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అలా మూడు వానాకాలాలు గడిచాయి.

అప్పుడు డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే పీడీ జోగారావు మాస్టారు వచ్చారు. ఆడపిల్లల కబడ్డీ జట్టుకు నేను కావాలన్నారు. షాపువాడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆ నవ్వు ఆగకుండానే నన్ను దొర్లించి పంపించేశాడు.

కాలేజీ మైదానంలో నా పని ఇది. నన్ను నేల మీద పడుకోబెట్టి, తాడు కట్టి, అయిదారుగురు పిల్లలు మధ్య గీత వైపు లాగేవారు. కూతకొచ్చిన మనిషి తప్పించుకుని పారిపోతున్నట్టు లెక్క. ఇటువైపు ఇద్దరమ్మాయిలు నన్ను పట్టి ఆపాలి. గీత చివర నిలబడేది కార్నర్, ఆమె పక్కన నిలబడేది ఇన్. ఇద్దరూ ఒక చెయ్యి నా అంచు మీద వేసి, రెండో చేత్తో ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుంటారు. ఆ పట్టు తెగితే జట్టు తెగినట్టే. జీవితమంతా ముందుకు లాగిన నన్ను, పోనివ్వకుండా గుండెలకు హత్తుకుని ఆపినవాళ్ళు వాళ్ళే. పోవద్దని ఎవరైనా నన్ను పట్టుకోవడం అదే మొదలు. అందుకే ఆ సాయంత్రాలంటే నాకు అంత ప్రాణం.

అరగంట నాతో సాధన అయ్యాక నన్ను కోర్టు అవతలి చివరకు దొర్లించేవారు. అక్కడ ముగ్గురు అభిమానులు నా కోసం కాచుకుని ఉండేవారు. బస్సు కండక్టరుగా రిటైరైన గౌరీశు, జట్టు బనియన్లు కుట్టే టైలరు బంగారయ్య, కాంటీన్ నడిపే రాములమ్మ. నా మీదే వాళ్ళ కూర్చోవడం, నా మీదే వాళ్ళ టీ గ్లాసులు. పోటీల రోజున ఊరంతా వచ్చి కూతకెళ్ళేవాళ్ళకు ఈలలు వేస్తుంది. ఈ ముగ్గురు మాత్రం ఆగస్టు నుంచే, సాధన రోజుల నుంచే వచ్చి, పట్టేవాళ్ళను చూసేవారు. ఎవరి మోకాలు వంగుతోంది, ఎవరి అడుగు ఆలస్యమవుతోంది, ఎవరి మణికట్టు జారుతోంది, అన్నీ వాళ్ళకే కావాలి. పెళ్ళిచూపుల్లో కూడా అంత పరీక్ష ఉండదు.

"కూతకెల్లినోలిని అందరూ సూత్తారు. పట్టినోలిని ఎవులు సూత్తారు?" అనేవాడు గౌరీశు. వెనక చక్రాన్ని కదా, ఆ మాటకు నేను పడిపోయాను.

వాళ్ళకు ఒక నియమం ఉండేది. మైదానంలో ఆడపిల్ల పేరు నోట రాకూడదు. జట్టు కొత్తగా పెట్టినప్పుడు గోడ మీద కూర్చున్న పోకిరీలు పేర్లు పెట్టి కేకలు వేస్తే, ఆ పేర్లు ఇళ్ళదాకా చేరి, మర్నాటికి ఇద్దరు పిల్లల చేత ఆట మానిపించేశారట. అప్పుడు జోగారావు మాస్టారు, చూడ్డానికి వచ్చే పెద్దలందరి చేతా మాట తీసుకున్నారు. అప్పటి నుంచి ఈ ముగ్గురికీ పిల్లలంతా స్థానాలే. ఎడమ కార్నర్ భేషుగ్గా ఉంది, కుడి ఇన్ తొందరపడుతోంది, ఇలా. పేర్లు వాళ్ళకు తెలియక కాదు. తెలిసీ పలికేవారు కాదు. అది మర్యాదే, నేనూ కాదనను.

చిక్కల్లా వాళ్ళు కూర్చునే చోటుతో వచ్చింది. నన్ను వేసింది జట్టుకు ఎదురుగా. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఎడమ, జట్టుకు కుడి అవుతుంది. ఇంత చిన్న సంగతి గౌరీశుకు ఎన్నడూ తట్టలేదు. తట్టదు కూడా. ముప్పై ఏళ్ళు బస్సులో డ్రైవరు వైపు వీపు పెట్టి, జనానికి ఎదురుగా నిలబడి, "ఎడం పక్కకి జరగండి" అని చెయ్యి చూపించినవాడు. జనం మాట విన్నారో చెయ్యి చూశారో గానీ ఆయన చెప్పినవైపే జరిగారు. ఆయన ఎడమ తప్పని ముప్పై ఏళ్ళలో ఒక్కరూ అనలేదు. బంగారయ్య, రాములమ్మ ఆయన పక్కనే కూర్చునేవారు కాబట్టి ముగ్గురి ఎడమా ఒకటే. జోగారావు మాస్టారైతే ఆయన మాట విని, మనసులో తిప్పి వేసుకుని, చిన్నగా నవ్వుకుని వెళ్ళేవారు.

ఆ మాస్టారు రిటైరయ్యారు. జూలైలో కరుణమ్మ మేడం కొత్త పీడీగా వచ్చారు.

ఆ ఏడు జట్టుకు ఎడమ కార్నర్ హైమ. కొండ కింది పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. డిగ్రీ మూడో ఏడు, ఆఖరి అవకాశం. అక్టోబరులో కాలేజీల పోటీలప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసేవాళ్ళు వస్తారు. ఆ జట్టులో చోటు దొరికితే బీపీఎడ్ చదివి పీడీ కావాలని ఆమె కోరిక. మోకాలికి గుడ్డ కట్టుకుంటూ నా మీద కూర్చుని ఆ మాట తన ఇన్‌తో చెప్పడం నేను విన్నాను. ఆమె పట్టు గురించి నన్నడగండి. చెరుకు బండితో ఎత్తు ఎక్కిన ఒళ్ళు నాది. ఆమె రెండు వేళ్ళు నా పాత గట్టు సందులో దూర్చి మడమ పాతిందంటే, ఆరుగురు లాగినా నేను జానెడు కదిలేదాన్ని కాదు. రెండో చేత్తో తన తోడును ఒక్కసారీ వదల్లేదు.

వదిలేది కుడి కార్నర్ సుగుణ. మంచి పిల్లే గానీ, పడిపోతానన్న భయం. లాగుడు పెరిగిన క్షణంలో ఇన్ మణికట్టు విడిచి చెయ్యి నేల మీద ఆనించేది. ఆ సడలింపు నాకు ముందు తెలిసేది, ఆ తరవాత గౌరీశు కంటికి తెలిసేది. ఆయన కన్ను నిజంగా గొప్పది. అంత దూరం నుంచి రెప్పపాటులో పట్టేసేవాడు.

ఒక సాయంత్రం కరుణమ్మ మేడం స్వయంగా ఆయన దగ్గరికి వచ్చారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నారట కదా, పట్టేవాళ్ళలో లోపం ఎక్కడుందో చెప్పండి అని అడిగారు. గౌరీశు లేచి నిలబడ్డాడు. తన అభిప్రాయాన్ని ఒక పీడీ వచ్చి అడగడం ఆయన జన్మలో అదే మొదటిసారి. ఆయన గొంతులో ఆ సంతోషం నాకు స్పష్టంగా వినిపించింది.

"పేరు నాను సెప్పకూడదమ్మా, ఆడపిల్ల. ఎడం పక్క కార్నరు సెయ్యి ఒగ్గేస్తంది. లాగుడు పెరిగితే ఒగ్గేస్తంది," అన్నాడు.

ఆమె తల ఊపి, నోటు పుస్తకంలో రాసుకుని వెళ్ళారు. నాకు నోరుంటే ఆ క్షణంలో మైదానం అదిరేలా అరిచేదాన్ని. గాలి కూడా లేని టైరును, ఏం చెయ్యగలను?

వారం తిరక్కుండా పన్నెండుగురి పేర్లు నోటీసు బోర్డెక్కాయి. హైమ పేరు లేదు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పెద్దవాళ్ళు చూసి తీసేశారంటే ఏదో ఉండే ఉంటుందనుకుని, తన చేతులను తనే అనుమానించుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వచ్చి నన్ను ఒక్కతే పట్టుకుని, విడిచి, మళ్ళీ పట్టుకుని, ఎక్కడ తప్పుతోందో వెతుక్కుంది. తప్పు లేని చేతుల్లో తప్పు వెతుకుతుంటే నేను చూస్తూ ఊరుకున్నాను. నా బతుకులో అంతకన్నా బరువైన మధ్యాహ్నం లేదు.

సాయంత్రాలు ఆమె ఇంటికి పోలేకపోయేది. వచ్చి ఆ ముగ్గురి పక్కన నా మీదే కూర్చునేది. ఆడే పిల్ల అటువైపు నుంచి ఇటువైపు వచ్చి కూర్చోవడం ఎన్నడూ లేదు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. రాములమ్మ టీ ఇచ్చింది. పేరు లేదేమని ఎవరూ అడగలేదు. అడిగితే పిల్ల బాధపడుతుందని వాళ్ళ జాగ్రత్త. ఆ జాగ్రత్త కూడా ఆమెకు చేటే చేసింది.

నాలుగో రోజు, కోర్టులో మళ్ళీ సుగుణ చెయ్యి విడిచింది. గౌరీశు తొడ చరుచుకున్నాడు.

"మేడం ఏటి మార్సిందో గానీ, ఎడం పక్క కార్నరు అలాగే ఒగ్గేస్తంది," అన్నాడు.

హైమ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎడం పక్క కొత్తమ్మాయి బాగానే పట్టుకుంటంది కదా తాతా."

"అదిగో, ఆ చివర," అని ఆయన ఎడమ చెయ్యి చాపి చూపించాడు.

ఆమె ఆ చేతి వెంట చూసింది. నా మీద ఆమె ఒళ్ళు ఒక్కసారిగా బిగుసుకుంది.

"అది కుడి తాతా," అంది మెల్లగా. "మాకు అది కుడి. ఎడం పక్క ఉండేది నేను."

బంగారయ్య తల దించుకున్నాడు. గౌరీశు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తరవాత లేచి, ఇన్నేళ్ళలో మొదటిసారి కోర్టు చుట్టూ తిరిగి, జట్టు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. అక్కడి నుంచి తిన్నగా మేడం గది వైపు నడిచాడు. ఆయన అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు.

పేర్ల జాబితా, ఫొటోలు, ప్రిన్సిపాల్ సంతకాలు అన్నీ ఆ పొద్దుటే యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి. మేడం మంచి మనిషి. ఒకటికి నాలుగు ఫోన్లు చేశారు. గడువు దాటాక ఒక్క పేరు కూడా మార్చడానికి వీల్లేదన్నారు అక్కడివాళ్ళు. ఎవరి ఎడమ అని ఆ రోజు అడిగి ఉండవలసిందని ఆమె కళ్ళు తుడుచుకున్నారని రాములమ్మ చెప్పగా విన్నాను.

జట్టు పోటీలకు బయలుదేరిన రోజున మైదానం ఖాళీ. హైమ వచ్చి నన్ను కోర్టు మధ్యకు లాగింది. తాడు తనే కట్టింది. కొసను తీసుకొచ్చి గౌరీశు చేతిలో పెట్టింది.

"లాగండి తాతా. ముగ్గురూ లాగండి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె మడమ పాతి, రెండు వేళ్ళు నా గట్టు సందులో దూర్చింది. పట్టుకోవడానికి పక్కన తోడు లేదు. ఆ రెండో చెయ్యి, ఇన్ ఉండవలసిన చోట గాలిలో పిడికిలి బిగించి ఉంది. ముగ్గురూ లాగారు. మొదట మొహమాటానికి లాగారు, తరవాత ఉన్న బలమంతా పెట్టి లాగారు. రాములమ్మ గాజు చిట్లింది. నేను కదల్లేదు. కదలాలని నాకూ లేదు. ఆ పట్టులోనే ఉండిపోవాలని ఒళ్ళంతా కోరుకున్నాను.

తాడు వదిలేసి గౌరీశు నేల మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పండి," అంది ఆమె. "ఎడమ కార్నర్ చెయ్యి వదిలేస్తందా?"

ఆమె చేతులు దులుపుకుని, ఆయనను లేవదీసి, నా మీద కూర్చోబెట్టి, బస్సుకు వెళ్ళిపోయింది. మా జట్టు రెండో ఆటలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయి వచ్చింది. మార్చిలో పరీక్షలు రాసి హైమ మళ్ళీ మైదానంలోకి రాలేదు. ఏం చదువుతోందో, ఎక్కడుందో నాకెవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో గౌరీశు గునపం తెచ్చి, బంగారయ్య సాయంతో నన్ను కోర్టు ఇవతలికి, జట్టు వెనక్కి దొర్లించుకొచ్చి, పడుకోబెట్టి సగందాకా భూమిలో పాతాడు. ఇక్కడ కూర్చుంటే జట్టు ఎడమ, ఆయన ఎడమ ఒకటే. సాధనకు కొత్త టైరు వచ్చింది. నన్నిక ఎవరూ లాగరు, ఎవరూ ఆపరు. వాన పడితే నా బోలులో నీళ్ళు నిలుస్తాయి. పిల్లలు చెప్పులు నా పక్కన విడిచి వెళతారు. పైకి తేలిన నా గట్లలో ఒకచోట రెండు వేళ్ళు పట్టే సందు ఇంకా నున్నగా ఉంది. ఎవరైనా అక్కడ చెయ్యి వెయ్యకపోతారా అని ప్రతి సాయంత్రం చూస్తాను.

ఈ ఏడు ఆగస్టులో సాధన మొదలైంది. ముగ్గురూ వచ్చి నా మీద కూర్చున్నారు. ఎడమ కార్నర్‌కు కొత్త పిల్ల వచ్చింది, సన్నగా ఉంది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతోంది. కరుణమ్మ మేడం ఇప్పుడు నోటు పుస్తకం పట్టుకుని నా పక్కనే నిలబడతారు. ఎలా ఉందని అడిగారు. గౌరీశు చెయ్యి, చూడకుండానే, నా గట్టు సందు మీదికి వచ్చి ఆగింది.

"పేరేటమ్మా ఆ పాపది?" అని అడిగాడు. మైదానంలో ఆయన ఒక పిల్ల పేరు అడగడం అదే మొదలు. మేడం చెప్పారు. ఆయన లేచి, ఆ పేరు పెట్టి ఆ పిల్లను పిలిచాడు.

"సెయ్యి ఒగ్గకు తల్లీ. హైమ పట్టినట్టు పట్టు."

హైమ పేరు ఆయన నోట రావడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆ పిల్ల, హైమ ఎవరో తెలియక, సరేనని తల ఊపి తన తోడు మణికట్టు పట్టుకుంది.