తీగ మీద నీలం కోటు

ఇందులో ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది కాస్త అటూ ఇటూ కావచ్చు. కమిటీ వచ్చింది వాన వెలిసిన మర్నాడా, లేక కమిటీ వెళ్ళాకే వాన పడిందా అన్నది ఎంత ఆలోచించినా తేలడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

పెద్దక్క రోజూ పొద్దున్నే సైనికుల క్యాంపు గేటు దగ్గర పాసు చూపించి, బట్టలుతికే షెడ్డులోకి వెళ్ళి, నీలం కోటు తొడుక్కునేది. మొదటి పని, వెనక ఆరుబయట ఉన్న తీగలన్నీ తడిగుడ్డతో తుడవడం. చొక్కాకి తుప్పు మరక అంటితే సైనికుడి కంటే ముందు సూపర్వైజరు లబోదిబోమనేవాడు. తర్వాత బుట్టలు మోసుకొచ్చి, చొక్కాలు దులిపి, భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి ఆరేసేది. ఆరేశాక నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు నిలబడి చూసేది.

గాలి లేకపోయినా కొన్ని చొక్కాల కుడి చెయ్యి మెల్లగా లేచేది. ఆ చొక్కా తొడుక్కునేవాడికి బదిలీ ఎటు కాబోతుంటే అటు చూపించేది. చెయ్యి వేలాడుతూ ఉందంటే అతను ఇక్కడే ఉంటాడన్నమాట. టీ వేళకి సైనికులు తీగల దగ్గరికి వచ్చేవారు.

"అక్కా, నాది ఎటు చూస్తోంది?"

"కొండల వైపు. స్వెట్టరు కొనుక్కో నాయనా."

షెడ్డువాళ్ళకి ఒక్కటే కట్టుబాటు. తమ నీలం కోట్లు మాత్రం ఆ తీగల మీద వేసేవారు కాదు. ఇంటికి పట్టుకెళ్ళి కుర్చీ వీపున ఆరేసుకునేవారు. సైనికుడు ఎక్కడికి పోయినా జీతం అతని వెంటే పోతుంది. వీళ్ళ జీతం ఆ గేటు దాటి రాదు. అలాంటప్పుడు ముందే తెలుసుకుని బావుకునేదేముంది?

ఆ ఏడు దారి పక్క రాళ్ళకి సున్నం వెయ్యలేదు. క్యాంపు ఎత్తేస్తారన్న మాట అక్కడ మొదలైంది. పోయిన బల్బుల చోట కొత్తవి పెట్టలేదు. క్యాంటీను సగం మూసేశారు. ఏ ఇద్దరు కలిసినా అదే గుసగుస.

ఆ మాట చెవిన పడితే చాలు, పెద్దక్క తుడిచిన తీగనే మళ్ళీ తుడిచేది. ఆమె భర్త ఆ క్యాంపులోనే లారీ నడిపేవాడు. ఆయన పోయాక ఆమెకిచ్చిన ఉద్యోగం అది. దాంతోపాటు గేటు పక్కన రెండు గదుల క్వార్టరు. ఉద్యోగం ఊడితే నీడ కూడా పోతుంది. నెత్తిన తెల్లవెంట్రుకలు, ఇంట్లో అత్తగారు. ఆవిడకి కాళ్ళు సరిగా ఆడవు గానీ నోరు మాత్రం బ్రహ్మాండంగా ఆడుతుంది.

"కంచంలో ఏం వెతుకుతున్నావే అంతసేపటి నుంచీ?" అంది అత్తగారు ఒకపూట.

"ఆకలి లేదత్తయ్యా."

"వాళ్ళు ఎత్తేసేది క్యాంపుని. నీ కంచాన్ని కాదుగా. తిను."

తీగల మీద మాత్రం రోజు రోజుకీ లేచే చేతులు పెరుగుతున్నాయి. ఇస్త్రీ బల్ల దగ్గర ఒక పిల్ల ఉండేది. నోరు మూతపడదు గనక అందరూ చిలక అనేవారు. ఆమెకి చంటిబిడ్డ, పని లేని మొగుడు.

"అక్కా, నిన్నటి కంటే ఎక్కువ లేచాయి కదూ?"

"గాలిలే."

"గాలెక్కడుందక్కా? ఆకైనా కదలడం లేదు."

పెద్దక్క ఇంకో చొక్కా దులిపింది.

క్యాంపు ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చే కమిటీ వస్తోందన్న కబురు తెచ్చింది సూపర్వైజరే. అందరినీ బాయిలరు దగ్గర పోగేశాడు. "గోదాము చూస్తారు, వంటశాల చూస్తారు, మన తీగలూ చూస్తారు. చేతులన్నీ దిగి ఉంటే క్యాంపు ఉంటుంది. లేచి ఉంటే మన నోట్లో మట్టే."

"అవి మన మాట వింటాయా సార్?" అంది పెద్దక్క.

"మన మాట వినవు. గంజి మాట వింటాయి."

అందరూ వరస పెట్టి బావా అని పిలిచే బాయిలరు బావ మసిచేతులు తుడుచుకుంటూ, "అంటే చొక్కాలకి పక్షవాతం తెప్పిస్తారన్నమాట" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ తీగ మీద చొక్కా అబద్ధం చెప్పడం పెద్దక్క ఎరగదు. కానీ ఎదురుగా చిలక రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని ఆమె ముఖంలోకే చూస్తోంది.

"ఎంత చిక్కగా కాయమంటారు?" అంది పెద్దక్క.

చెంచా నిలబడేంత చిక్కగా కాచారు. కమిటీ వచ్చే రోజు చేతులు బొబ్బలెక్కేలా చొక్కాలన్నీ అందులో ముంచి ఆరేశారు. ఎండకి అవి చెక్కలయ్యాయి. ఆ హడావిడిలో ఎవరిదో కాలు తగిలి, మంచినీళ్ళ బకెట్టు పెద్దక్క మీద బోర్లాపడింది. కోటు తడిసి ముద్దయింది. ఆమె విప్పి, పిండి, దులిపింది. అటు నుంచి సూపర్వైజరు "వచ్చేశారు, వచ్చేశారు" అని కేకలు. చేతికి తడిబట్ట తగిలితే తీగ మీద వెయ్యడం ఆమె చేతుల అలవాటు. అవి ఆమెని అడగలేదు. రెండు క్లిప్పులు పెట్టేశాయి.

కమిటీకి పెద్దగా వచ్చినావిడ పొట్టిగా, కళ్ళద్దాలతో, ఎక్కడా తొందరలేని మనిషి. తీగల మధ్య నుంచి నెమ్మదిగా నడిచింది. చొక్కాలు కవాతులో నిలబడ్డట్టున్నాయి. ఎక్కడో ఒక చెయ్యి లేవబోయి, గంజి పటపటమంది.

"అందరూ ఇక్కడే ఉండేటట్టున్నారే!" అందావిడ.

"కదిలేవాడే లేడండి మేడమ్" అన్నాడు సూపర్వైజరు, చెమట తుడుచుకుంటూ.

ఆవిడ చివరి తీగ దాకా వచ్చింది. అక్కడ నీలం కోటు కుడి చెయ్యి, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, హాయిగా పైకి లేచింది.

"ఇదెవరిది?"

సూపర్వైజరు ఆకాశం చూశాడు. చిలక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరిదో తెలీదంటే సరిపోయేది. కానీ జేబు దగ్గర అత్తగారు వేసిన వంకర కుట్టు పెద్దక్క కంటికి ఎదురుగా కనిపిస్తోంది.

"నాదేనండి" అంది.

"కూలిపని చేసేదానికి లేచిన చెయ్యి సైనికుల్లో ఒక్కరికీ లేవలేదా?" మేడమ్ పక్క చొక్కాని గోటితో కొట్టింది. టక్కుమంది. "కాసిని నీళ్ళిస్తావా అమ్మా?"

పెద్దక్కే తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఆ చొక్కా చెయ్యి బకెట్టులో ముంచి, గంజి పోయేదాకా నలిపింది. వదలగానే అది లేచి దూరంగా చూపించింది. ఇంకొకటి ముంచింది. అదీ అంతే. మూడోది ముంచలేదు. తిట్టనూ లేదు. "ఇంత గంజి కలిపారు, చేతులు నొప్పి పుట్టలేదూ?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయింది.

క్యాంపు ఎత్తేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది.

"ఒక్క కోటు" అంది చిలక. "అందరం పట్టుకెళ్ళినట్టు ఆ ఒక్క కోటు ఇంటికి పట్టుకెళ్ళలేకపోయావా అక్కా?" ఆ తర్వాత పెద్దక్కతో మాట్లాడ్డం మానేసింది. మిగతావాళ్ళ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ చిలక మౌనం ఒక ఎత్తు.

ఇంట్లో గిన్నెలు మూటగడుతూ కూర్చున్న పెద్దక్కని అత్తగారు అడిగింది. "ఇంతకీ ఎటు చూపించిందే?"

"ఏమిటి?"

"నీ కోటు. చెయ్యెత్తిందన్నావుగా. ఎటు?"

పెద్దక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. లేవడం చూసింది గానీ ఎటు లేచిందో చూడలేదు.

"ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ చూసిపెట్టేదానివి. నీది చూసుకోలేదూ! లే. ముందు దాన్ని తడుపు."

పెద్దక్క కోటు తడిపి, హ్యాంగరుకి తగిలించి, దుడ్డుకర్ర చివర పెట్టుకుని గేటు దాటింది. చెయ్యి ఎటు చూపితే అటు నడిచింది. బజారు వీధిలో జనం, "కోటుకి దారివ్వండయ్యా" అంటూ పక్కకి తప్పుకున్నారు. బస్సుల డిపో దాటాక అది ఎడమకి తిరిగింది. పెద్దాసుపత్రి వెనక గేటు. లోపల తడి దుప్పట్లు గుట్టలుగా పడున్నాయి. ఒక నర్సమ్మ వాటిని పొదల మీద పరుస్తూ కనిపించిన వాళ్ళనల్లా తిడుతోంది.

"ఏం కావాలి? రోగుల్ని చూసే వేళ కాదిది."

"ఆరేసే పనేమైనా ఉందాండి?"

నర్సమ్మ ఆమె చేతులు చూసింది. గంజి బొబ్బలు ఇంకా మానలేదు. "ఉంది. ఇంకో మనిషి దొరికినా తీసుకురా. ఇల్లూ వాకిలీ ఇవ్వరు మరి, ముందే చెబుతున్నా."

కోటు చెయ్యి మెల్లగా దిగి, పక్కన ఒదిగిపోయింది.

క్యాంపులో చివరి రోజున పెద్దక్క తీగలన్నీ తుడిచింది. "కోట్లు తడిపి ఇవ్వండే" అంది. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకరు విప్పారు, తర్వాత ఇంకొకరు. ఒక చెయ్యి రైలు స్టేషను వైపు లేచింది, ఒకటి బజారు వైపు. బాయిలరు బావది నిట్టనిలువుగా పైకి లేచింది.

"ఓరి నాయనో, నాకప్పుడే తొందరేం లేదు!"

"పైకి కాదు బావా, సరిగ్గా చూడు. ఆ ఇటుకల బట్టీ పొగగొట్టం."

సూపర్వైజరు ఎవరూ చూడకుండా తన కోటూ వేశాడు. దాని చెయ్యి వేలాడుతూనే ఉంది. ఖాళీ క్యాంపుకి కాపలా ఉండమన్న కబురు ఆ సాయంత్రమే వచ్చింది.

చిలక మూల నిలబడి ఉంది. "నాకు తెలుసుకోవాలని లేదు" అంది గోడతో. పెద్దక్క బతిమాలలేదు. తన కోటు పక్కన రెండు క్లిప్పులంత చోటు వదిలి ఊరుకుంది. చాలాసేపటికి చిలక వచ్చి, ముఖం తిప్పుకుని, కోటు తగిలించింది. దాని చెయ్యి కాసేపు వణికి, మెల్లగా లేచి, బస్సుల డిపో దాటి ఎడమకి చూపించింది.

ఇద్దరూ కలిసి గేటు దాటారు. బజారు దాకా చిలక పెదవి విప్పలేదు. డిపో దగ్గర చంటిబిడ్డని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని, "అక్కా, అక్కడ ఇస్త్రీ బల్ల కిటికీ పక్కన వేస్తారా? వెలుతురు లేకపోతే మడత కుదరదు నాకు. ఆ నర్సమ్మ ఎలాంటిది? తిడుతుందా? తిడితే నువ్వు సర్దిచెప్పాలి మరి" అని మొదలుపెట్టి, ఆసుపత్రి వెనక గేటు వచ్చేదాకా ఆపలేదు. పెద్దక్క ఒక్క మాట కూడా అడ్డం చెప్పకుండా వింటూ నడిచింది.

మనవరాలా, అంతటా పెద్దక్క అనే రాశానా, మధ్యలో ఎక్కడైనా చిన్నక్క అని పడిందా? పొగగొట్టం చూపించింది బాయిలరు బావ కోటే కదూ? పేర్లు ఒకసారి సరిచూసి పెట్టవే.