జానెడు ఎడం

తన్మయికి ఇరవై ఆరేళ్లు. కయాక్ స్లాలమ్‌లో మూడుసార్లు ఆస్ట్రేలియా ఛాంపియన్. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ఎవరింటికి భోజనానికి పిలిచినా, పప్పు వడ్డించేలోపే వాళ్ల నాన్న విజయభాస్కర్ ఈ సంగతి చెప్పేస్తాడు. "ఆహా, మన కోనసీమలో పడవ పందేల్లాంటివా అండీ" అంటారు అవతలివాళ్లు. ఆయన ఓపిగ్గా వివరించబోతాడు. ఈలోగా ఎవరో సెలెక్టివ్ స్కూలు ఎంట్రన్సు సంగతి ఎత్తుతారు, పడవ అక్కడితో ఒడ్డెక్కుతుంది.

నిజానికి వివరించడానికి పెద్దగా ఏమీ లేదు. పెన్రిత్‌లో సిమెంటుతో కట్టిన వాగొకటి ఉంది. పంపులు నీళ్లను పైకి తోస్తాయి, నీళ్లు బండల మధ్య నుంచి ఉరుక్కుంటూ కిందికొస్తాయి. పైన కట్టిన తీగలకు కర్రలు జంటలు జంటలుగా వేలాడుతుంటాయి. ఒక్కో జంట ఒక్కో గేటు. ఒక్క మనిషి పట్టే పడవలో కూర్చుని ఇరవై రెండు గేట్ల మధ్య నుంచి వరసగా దూరిపోవాలి. ఎర్ర గేట్లయితే ప్రవాహానికి ఎదురు తిరిగి దూరాలి. కర్రకు తెడ్డు తగిలినా, మోచెయ్యి తగిలినా, వీపు తగిలినా సమయానికి రెండు సెకన్లు కలుపుతారు. తగిలిందీ లేనిదీ చూడటానికి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీల్లో జడ్జీలు కూర్చుంటారు. జడ్జీలంటే ఎక్కణ్ణుంచో దిగినవాళ్లు కారు, పిల్లల్ని ఈ పడవలెక్కించిన అమ్మానాన్నలే.

విజయభాస్కర్ పదిహేనేళ్లుగా గేటు జడ్జీ. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇంకొకళ్లు చేసిన పనిలో తప్పులు వెదకడం. వారమంతా ఆఫీసులో అదే పని, శని ఆదివారాలు గట్టు మీద అదే పని. క్లబ్బులో ఆయన్ని "టూ-సెకండ్ బాస్కీ" అంటారు. సొంత పిల్ల వస్తుంటే మిగతా జడ్జీలు రాసే అట్టను పక్క కుర్చీకి అందిస్తారు. అది అక్కడి ఆనవాయితీ. ఈయన అందించడు. "నాకు మన పిల్ల, పరాయి పిల్ల అని ఉండదండీ" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఛాతీ కాస్త ముందుకొస్తుంది. చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది గానీ, తన్మయికి చిన్నప్పటి నుంచీ అదే కొండంత అండ. నాన్న సున్నా రాస్తే సున్నా, రెండు రాస్తే రెండు.

ఆ ఫిబ్రవరి ఆదివారం ఎండ నలభై దాటింది. ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేస్తున్నారు. ఆడవాళ్ల కయాక్‌లో ఉన్నది ఒక్కటే చోటు. జాతీయ పతకాలు మూడున్నాయి గానీ, ఈ చోటు మాత్రం తన్మయికి ఇప్పటికి రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. పని చేస్తున్న ఫిజియో క్లినిక్కువాళ్లు మార్చి నుంచి ఫుల్‌టైమ్ రమ్మంటున్నారు. ఈసారి చోటు రాకపోతే అలాగేనని మాటిచ్చేసింది. మాటిచ్చిన రోజు ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. ఇవాళ భయమేస్తుందనుకుంది, అదీ వెయ్యలేదు. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, ఇంట్లో ఇస్త్రీపెట్టె ఆపానా లేదా అని ఆలోచించింది.

ఆమెకు గట్టి పోటీ బ్రయనీ అనే అమ్మాయి. ఆమె ముందే దిగి నూట మూడు సెకన్ల నలభై ఒకటిలో ముగించింది. తర్వాత తన్మయి దిగింది. దిగాక ఆమెకు ఏ ఆలోచనా ఉండదు, చేతులే పనిచేస్తాయి. పదిహేడో గేటు ఎర్రది. సుడిలోకి తిరిగి, ఎదురెక్కి, మళ్లీ కిందికి దూకింది. గట్టు మీద తెల్లటోపీ కనిపించింది, అది నాన్నది. చివరి గీత దాటేసరికి గడియారం నూట రెండు సెకన్ల ఇరవై రెండు చూపించింది.

గట్టున ఉన్న కోచ్ శివనీల్ ఎగిరి గంతేశాడు. శివనీల్ ఫిజీలో పుట్టిన తెలుగువాడు. అతనికొచ్చిన తెలుగు అమ్మమ్మ దగ్గర పట్టుకున్న నాలుగు ముక్కలే. అతని కాళ్లు నేలకు ఆనేలోపే బోర్డు మీద అంకె మారింది. పదిహేడో గేటు, రెండు సెకన్లు. నూట నాలుగు ఇరవై రెండు. బ్రయనీ ముందుకొచ్చేసింది, తేడా ఒక సెకను కూడా లేదు.

"సెవెంటీన్‌లో టచ్ అయిందా?" శివనీల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఐ డోంట్ నో."

"నీకేం తెలీలేదా?"

"తెలీలేదు. బ్యాక్ సైడ్ అయ్యుండొచ్చు. జాకెట్ మీద తగిలితే తెలీదు కదా."

"నేను ఎంక్వైరీ పెడతా. వాళ్లు వీడియో చూస్తారు. ఫైవ్ మినిట్సే ఉంది, టాన్, సే యెస్."

"వద్దు."

"వై నాట్?"

"ఆ గేటు నాన్నది. నాన్న రాశాడంటే టచ్ అయ్యే ఉంటుంది."

ఆ కుటుంబంతో తొమ్మిదేళ్ల పరిచయం శివనీల్‌ది. ఆ మాటకు ఎదురు చెప్పే చోటు లేదని అతనికి తెలుసు. తన్మయి గట్టు మీద గడ్డిలో కూర్చుని, అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా తెరిచింది. అయిదు నిమిషాలూ పులిహోర తింది. వేరుశెనగ గుళ్లు మెత్తబడ్డాయని మాత్రం గమనించింది. బోర్డు మీద ఫలితం ఖాయమైంది. బ్రయనీ వచ్చి కౌగిలించుకుంటే, "వెల్ డన్" అని వీపు తట్టింది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మనసులో ఇంకేదైనా ఉందేమోనని వెతుక్కుంటే ఏమీ దొరకలేదు.

పడవను కారు మీద కట్టి తండ్రీ కూతుళ్లిద్దరూ లోపల కూర్చున్నారు. మామూలుగానైతే ఈపాటికి విజయభాస్కర్ మొదటి గేటు నుంచి పోస్టుమార్టం మొదలుపెట్టేవాడు. ఇవాళ తాళంచెవి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఎంక్వైరీ ఎందుకు పెట్టలేదమ్మా?" అన్నాడు చివరికి.

"ఎందుకు పెట్టాలి? యూ సా ఇట్."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నెత్తి మీద చెమట కారి చెవి వెనక్కి దిగింది.

"నాన్నా. చూశావు కదా?"

"కర్ర కదిలింది తల్లీ. నువ్వు వెళ్లాక కదిలింది. నీటి తుంపరకి కదిలిందో, నువ్వు తగిలితే కదిలిందో... నాకు సరిగ్గా కనబడలేదు."

అనుమానముంటే సున్నా రాయాలి. కొత్తగా వచ్చే జడ్జీలను కూర్చోబెట్టి ఈ నియమం చెప్పేది ఆయనే. మొదటి పాఠమే అది.

"మరి టూ ఎందుకు రాశావు?"

"సున్నా రాస్తే రేపు నలుగురూ ఏమనుకుంటారు? ఉన్నది ఒక్క చోటు. తండ్రే కూర్చుని కూతుర్ని పంపించుకున్నాడంటారు. బ్రయనీ వాళ్ల నాన్న నా పక్క గేటు దగ్గరే ఉన్నాడు. ఆ మాట నీకు జన్మంతా అంటుకుంటుందమ్మా. నేను రెండు రాసినా శివనీల్ ఎంక్వైరీ పెడతాడు, వాళ్లు వీడియో చూసి వాళ్లే కొట్టేస్తారనుకున్నా. అప్పుడింక ఎవరికీ నోరెత్తే పని ఉండదు. అయిదు నిమిషాలూ మీ వంకే చూస్తూ కూర్చున్నా. మీరెవరూ లేవలేదు."

తన్మయి ఆ అయిదు నిమిషాలూ పులిహోర తిన్న సంగతి గుర్తు చేసుకుంది. కోపం రావాలి. వస్తుందేమోనని చూసింది. రాలేదు. కారు అద్దం మీద పిట్ట రెట్ట ఎండిపోయి ఉంది, దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఇంతకుముందు కూడా ఇలా రాశావా?"

"ఇంత పెద్ద పోటీలో ఎప్పుడూ లేదు."

"చిన్నవాటిలో?"

"ఎప్పుడో చిన్నప్పుడు, రెండు మూడుసార్లు. అనుమానమున్నప్పుడే. నీకు జాగ్రత్త అలవాటవుతుందని. మంచికే కదా అనుకున్నానమ్మా."

పదకొండేళ్లప్పుడు నాన్న ఇచ్చిన మొదటి రెండు సెకన్లు ఆమెకు బాగా గుర్తు. తగల్లేదని ఏడ్చింది. "తగిలింది, నేను చూశా" అన్నాడు నాన్న. ఆ వారమే గరాజులో రెండు మాపు కర్రలు వేలాడదీశాడు. చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి, వాటి మధ్య నుంచి అటూ ఇటూ తోశాడు. తన కళ్ల కంటే నాన్న కళ్లే నిజమని ఆ గరాజులోనే నేర్చుకుంది. కర్ర ఎక్కడ కనిపిస్తే, దానికి ఇంకాస్త అవతలగా పోవడం కూడా అక్కడే నేర్చుకుంది.

శివనీల్ తొమ్మిదేళ్లుగా ఆ అవతలతనంతోనే కొట్లాడుతున్నాడు. "మళ్లీ జానెడు వదిలావ్, టాన్" అంటాడు. అతనికున్న నాలుగు తెలుగు ముక్కల్లో జానెడు ఒకటి. "కర్రంటే నీకు వై సో స్కేర్డ్?" అని అడుగుతాడు. ఏ గేటు దగ్గరైనా అదే జానెడు. ఒక్కో గేటుకు రెప్పపాటు ఆలస్యం. ఇరవై రెండు గేట్లు కలిపితే ఎంత పోతుందో అతను చాలాసార్లు లెక్కేసి చూపించాడు. పోయిన రెండుసార్లూ చోటు జారింది అంతకంటే తక్కువ తేడాతోనే. ఎందుకు భయమో ఆమె ఎప్పుడూ చెప్పలేకపోయింది. ఆమెకే తెలియదు మరి.

తలుపు తీసుకుని దిగింది. కారు మీది పట్టీలు విప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా? నేను ఆఫీసులోకెళ్లి చెప్పేస్తా. నాదే తప్పని చెప్తా."

"ఇట్స్ సైన్డ్ ఆఫ్, నాన్నా. ఇంక మార్చరు." పడవను భుజం మీదికెత్తుకుంది. "పంపులు ఇంకో అరగంట ఆన్‌లో ఉంటాయి. నువ్వు పదిహేడు దగ్గర నిలబడు."

పడవలను పైకి చేర్చే కన్వేయర్ బెల్టు మీద కూర్చుని ఎక్కింది. గట్టున కుర్చీలన్నీ ఖాళీ. అవతలి గట్టున శివనీల్ ఒక్కడే కెమెరా స్టాండు మడుస్తున్నాడు. ఆమెను చూసి ఆగిపోయాడు. ఇవతల తెల్లటోపీ ఉంది. ఈసారి ఆయన చేతిలో అట్ట లేదు, పెన్ను లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నాడు.

నీళ్లలోకి జారింది. మిగతా గేట్ల జోలికి పోకుండా సరాసరి పదిహేడుకే వచ్చింది. సుడిలోకి తిరిగి, ఈసారి జానెడు వదల్లేదు, బెత్తెడు కూడా వదల్లేదు. కర్ర ఆమె చెంప పక్క నుంచే పోయింది. దాని మీది నీటి చుక్కలు కనిపించాయి. వెనక కర్ర ఊగింది. తుంపరకు ఊగిందో, తను తగిలితే ఊగిందో ఆమెకు తెలియలేదు. పడవ తిప్పి సుడిలో ఆగింది.

"ఎంత?" అని అరిచింది నాన్న వైపు చూసి.

విజయభాస్కర్ ఏడుస్తున్నాడని నీళ్లలోంచి కూడా కనబడుతోంది.

"సున్నా తల్లీ. సున్నా" అన్నాడు.

తన్మయి విన్నది. విని, తల తిప్పి, అవతలి గట్టున ఉన్న శివనీల్ వైపు, అతనేం చూశాడో చెప్పమన్నట్టు చూసింది.