కీత్ చెవులు

ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు వెనక చేపల ఫ్యాక్టరీలో పొద్దున్న పని మొదలయ్యే పద్ధతి ఎప్పుడూ ఒకటే. తెల్ల గమ్‌బూట్లు, నీలం కోటు, జుట్టుకి వల, మూతికి మాస్కు. అవన్నీ తగిలించుకున్నాక పొడుగూ పొట్టీ తప్ప మనిషికీ మనిషికీ తేడా తెలీదు. నార్వే నుంచి లారీల్లో దిగిన హాడక్ చేపలు మంచులో పడుకుని మా కోసం కళ్లు తెరుచుకుని చూస్తుంటాయి. మా అంటున్నాను గానీ, నన్ను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నేను ముళ్లు తీస్తే చేపకంటే ముల్లుకే ఎక్కువ కండ మిగిలేది. అందుకని నా చేతిలో కత్తి లాక్కుని డబ్బాలు మోయించారు. కథ చెప్పడం కూడా నాకు ఆ మాత్రమే వచ్చు. ముళ్లుంటాయి, చూసుకుని తినండి.

ఆ గదిలో చలికి కాసేపట్లోనే వేళ్లు కొయ్యముక్కలైపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు అరిచేవారు:

"కీత్! నీ పెళ్లిలో ఏం మాట్లాడావు గురూ?"

కీత్ బ్లాంచర్డ్ మా సూపర్‌వైజరు. ఆయనకి సిగ్గేస్తే చెవులు కాలతాయి. మాటవరసకి అనడం లేదు. ముందు ఎర్రబడతాయి, తర్వాత బొగ్గుల్లా రాజుకుని వెలుగుతాయి. వాళ్ల నాన్నకీ అంతే. ఆయన పేకాటలో ఓడి ఇంటికొచ్చిన రోజున వాళ్లమ్మ ఆ చెవుల దగ్గరే మేజోళ్లు ఆరబెట్టుకునేదట. కీత్ తన పెళ్లి విందులో గ్లాసు పట్టుకుని లేచి, పెళ్లికూతుర్ని ఆమె చెల్లెలి పేరుతో పిలిచి, ఆ పేరుతోనే చివరిదాకా పొగిడి కూర్చున్నాడు. ఆ సంగతి ఎత్తితే చాలు, చెవులు అంటుకునేవి. అందరం గ్లౌజులు విప్పేసి చుట్టూ చేరి చేతులు కాచుకునేవాళ్లం. శుభ్రత చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా ఓసారి చూసి, ఈ వేడిని చేపలకి కాస్త దూరంగా ఉంచండి అని చెప్పి వెళ్లిపోయాడు.

ఒక్క సెలాసి మాత్రం వచ్చేది కాదు. ఘానాలో కేటా అనే సముద్రపొడ్డు ఊరు ఆమెది. తన బల్ల దగ్గరే నిలబడి వేళ్ల మీద ఊదుకునేది.

"రా తల్లీ, ఊరికే వస్తున్న మంట" అని పిలిచేవాడు రిమాస్. లిథువేనియావాడు, నోరు ఊరుకోదు.

"మనిషి సిగ్గు మీద చేతులు కాచుకున్నానని తెలిస్తే మా అమ్మ చంపేస్తుంది" అనేది సెలాసి.

కీత్ మంచివాడే. కాకపోతే అది ఈ ఊరి తరహా మంచితనం. ఎదుటి మనిషి మొహంలోకి చూడటం అమర్యాద అనుకుంటాడు. మనతో మాట్లాడుతూ చేపని చూస్తుంటాడు. టీ వేళకి అందరం క్యాంటీన్లో మాస్కులు దించుకుంటే, ఆయన తన కారులో అద్దాలెత్తుకుని కూర్చుని సాండ్‌విచ్ తినేవాడు. సెలాసి పక్కన మూడేళ్లుగా నిలబడుతున్నాడు. రోజూ "చలి బాగా ఉంది కదమ్మా" అనేవాడు. "ఉందండీ" అనేది ఆమె. అక్కడికి ఇద్దరికీ ఎంతో పరిచయం.

ఆ డిసెంబరుకల్లా సర్కారు వీసా కార్డులు తీసేసి, అన్నీ ఫోన్లలోకి ఎక్కించింది. పనివాళ్లు ఒక కోడు ఇవ్వాలి. యజమాని దాన్ని కొడితే తెర మీద ఫోటో వస్తుంది. ఫోటోలో మనిషీ ఎదురుగా ఉన్న మనిషీ ఒకరేనని కళ్లారా చూసి 'అవును' నొక్కాలి. నొక్కందే ఆ మనిషిని పనిలో ఉంచుకోకూడదు. సెలాసి పాత వీసా ఆ గురువారంతో సరి. కొత్తది మంజూరైంది గానీ, ఆ సాయంత్రంలోగా 'అవును' పడకపోతే మర్నాడు ఆమెకి గేటు తెరుచుకోదు. పని పోతే వీసా పోతుంది. వీసా పోతే అద్దె ఇల్లు కూడా పోతుంది. కూతురు ఎనామ్‌కి బడి నాటకంలో గొర్రె వేషం ఇచ్చారు. ఇంట్లో దూదితో తోక కుట్టడం కూడా అయిపోయింది.

ఆ గురువారం మధ్యాహ్నం ఆఫీసు చూసే బెవ్ ట్యాబ్లెట్ తెచ్చి కీత్ చేతిలో పెట్టింది. "నువ్వే కానిచ్చెయ్ నాయనా. నీకు బాగా తెలిసిన మనిషేగా. నాకు లారీల గోల ఉంది."

క్యాంటీన్లో సెలాసి మాస్కు తీసి నిలబడింది. కీత్ తెర చూశాడు. తర్వాత ఆమె భుజం పైనుంచి గోడ మీది క్రిస్మస్ తోరణాలు చూశాడు.

"ఆఁ, చక్కగా పడ్డావమ్మా" అని వేలు చాచాడు.

"మిస్టర్ కీత్" అంది సెలాసి. పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలవడం ఆమెకి ఎప్పటికీ అలవాటు కాలేదు. "అది నేను కాదండీ."

మేమంతా తొంగిచూశాం. గుండ్రటి మొహం, తెల్లబడిన జుట్టు, ఎవరో పెద్దావిడ. యంత్రం ఎక్కడో ఒకరి మొహం తెచ్చి ఇంకొకరికి అతికించింది.

"పేరు నాదే, పుట్టిన తేదీ నాదే. మనిషి మాత్రం నేను కాదు."

"నొక్కెయ్ గురూ!" అన్నాడు రిమాస్. "ఎవడు చూడొచ్చాడు?"

"ఆవిడ మొహం నా దగ్గరుంటే, పాపం ఆవిడ దగ్గర ఏముంది ఇప్పుడు?" అంది సెలాసి.

కీత్ తన జుట్టు వలని చెవుల మీదకి లాక్కున్నాడు.

బెవ్ సర్కారు వీసా సహాయకేంద్రానికి ఫోన్ చేసింది. సంగీతం విని విని, చివరికి ఓ మనిషి గొంతు దొరికింది. యాప్‌లో ఇప్పుడే కొత్త ఫోటో తీయండి, యంత్రం ఒప్పుకుంటే ఇవాళే మారిపోతుంది అంది ఆ గొంతు.

యంత్రం ఒప్పుకోలేదు. *మొహం స్పష్టంగా లేదు. వెలుతురులోకి వెళ్లండి.* డిసెంబరులో గ్రిమ్స్‌బీలో వెలుతురు ఎక్కడ తెస్తాం? టీ వేళకే చీకటి. ట్యూబులైటు కింద నిలబెట్టాం. ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు నిలబెట్టాం. లారీ దీపాల ముందు నిలబెడితే *కళ్లు మూశారు* అంది. అసలు ఫోన్ పాడైందేమోనని బెవ్ తన వైపు తిప్పుకుంది. పాలు ఎక్కువైన టీ రంగు బెవ్‌ది. ఠక్కున పచ్చ గీత వెలిగింది.

"నన్ను తీసుకుందే!" అంది బెవ్. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టి తన గోళ్లు చూసుకుంది.

"కీత్ చెవులు!" అని అరిచాడు రిమాస్. "ఇలా రా గురూ, ఆమె పక్కన కూర్చో. నీ పెళ్లిలో ఏం మాట్లాడావు?"

"విందులో నీ ప్యాంటు చిరగలా?"

"టీవీ వాళ్లొచ్చినప్పుడు మేయరుగారి కోటు మీద కక్కలా?"

చెవులు కొద్దిగా గులాబీ రంగులో ఉన్నాయంతే. ఆ పాత సిగ్గులన్నీ మేం రోజూ కాచుకుని కాచుకుని బూడిద చేసేశాం.

సెలాసి మాస్కు పైకి లాక్కుంది. "ఆయన్ని వదిలెయ్యండి. నా కోసం ఎవరి సిగ్గూ రగల్చొద్దు."

కీత్ కుర్చీ ఈడ్చుకుని ఆమె ఎడమ పక్కన కూర్చున్నాడు. తలమీది వల తీసేశాడు.

"మాస్కు తియ్యమ్మా" అన్నాడు. ఆమె తీసింది. ఆయన చూశాడు. చేపని కాదు, తోరణాల్ని కాదు, ఆమెని.

"నీ చేతులు చూపిస్తే చెప్పగలను. వెనకనుంచి నడక చూసి చెప్పగలను. మొహమే తెలీదు. ఇందాక ఆ తెర మీద మా బెవ్ ఫోటో ఉన్నా, నువ్వేనమ్మా అని నొక్కేసేవాణ్ణి. మర్యాద అనుకున్నా ఇన్నాళ్లూ. చూడలేదమ్మా నేను. ఒక్కసారన్నా నిన్ను చూడలేదు."

గ్లౌజులు వేసుకున్న మా చేతులు మాకే బరువనిపించాయి. ఆ మూడేళ్లూ క్యాంటీన్లో ఆమె ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేను. ఆమె కుట్టిన గొర్రె తోక సంగతి నాకు ఆరోజే తెలిసింది.

అప్పుడు చెవులు అంటుకున్నాయి. అంతకుముందు ఎన్నడూ చూడని మంట. పైనున్న కాగితం తోరణం అంచు ముడుచుకుపోయింది. ఆ వెలుగులో సెలాసి చెంప, కనుబొమ్మ, పెదవి కింద చిన్న మచ్చ, అన్నీ పొద్దున్న ఎండలో ఉన్నట్టు తేటగా కనబడ్డాయి.

"కదలకు తల్లీ" అన్నాడు రిమాస్, ఫోన్ పట్టుకుని, చాలా మెల్లిగా.

పచ్చ గీత వెలిగింది.

బెవ్ కోడు మళ్లీ కొట్టింది. కీత్ ట్యాబ్లెట్ తీసుకుని ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "పెదవి కింద మచ్చ... ఉంది" అన్నాడు పైకే. అప్పుడు నొక్కాడు.

చెవులు ఇంకా మండుతూనే ఉన్నాయి. చేతులు కాచుకోవడానికి ఒక్కరం కూడా దగ్గరికి పోలేదు. సెలాసి లేచి పంపు దగ్గర రెండు గుడ్డలు తడిపి తెచ్చి, ఆయన చెవుల మీద వేసింది. బుస్సుమని ఆవిరి లేచింది.

"ఇంక చాలండీ" అంది.

ఎనామ్ గొర్రె వేషం వేసింది. తోక రెండుసార్లు ఊడిందట. కీత్ ఇప్పుడు సాండ్‌విచ్ డబ్బా పట్టుకుని క్యాంటీన్‌కే వస్తాడు. కొత్తవాళ్లు ఎవరన్నా వస్తే, పేరు అడిగి ఇబ్బందిపడేంతసేపు వాళ్ల మొహం చూస్తాడు. మేం చేతులకి వేడినీళ్ల సీసాలు తెచ్చుకుంటున్నాం.

సెలాసి ఫోటో మాత్రం సర్కారు యంత్రంలో అలాగే ఉంది. విమానాశ్రయంలోనో, బ్యాంకులోనో, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గరో కోడు కొట్టినప్పుడల్లా వస్తుంది. కుడి చెంప మామూలుగానే ఉంటుంది. ఎడమ చెంప మీద, పొయ్యి పక్కన కూర్చున్నట్టు, ఎర్రటి వెలుగు. అది ఎవరిదని ఆ యంత్రం ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.