సిద్ధపరచిన హస్తాలు

పులిహోర డబ్బాకి మూత సరిగ్గా పెట్టావా అని మా ఆయన మెల్విన్ అడగడం ఇది మూడోసారి. పెట్టాను బాబూ, పెట్టాను! పదిమందికి సరిపోయే స్టీలు డబ్బా నా వీపు మీదుంది. కోడివేపుడు చేతిసంచిలో ఉంది. ఆయన మెడలో మాత్రం కెమెరా. ఈ పరాయిదేశంలో మేముండే వెర్రిబీ ఊళ్ళోని మా తెలుగు చర్చి వాళ్ళం కలిసి కొండెక్కుతున్నాం. దారి నిట్టనిలువుగా ఉంది, కాలికింద కంకర జారిపోతోంది.

"నీ చేతి పులిహోర లేకపోతే అసలు ట్రిప్పేంటి వదినా!" అని ముందునుంచి ఐజాక్ అరిచాడు. అంత ప్రేమే ఉంటే ఆ డబ్బా నువ్వు మోయొచ్చుగా నాయనా! లోపల అనుకుని, పైకి నవ్వాను. ఆ నవ్వంటే నాకే ఒళ్ళుమంట.

నేను యూనివర్సిటీలో చదివేది వృక్షశాస్త్రం. చెట్లు పెరిగే ఎత్తు దాటాక, ఈ కొండ పైగట్టు మీద వేసవిలో కొద్దివారాలే పూసే తెల్లడైసీల మీదే నా థీసిస్. ఏడాదిగా ఫొటోలు చూసి రాస్తున్నాను, సిగ్గుచేటు. పోయిన నెలలో రెండుసార్లు వచ్చాం. రెండుసార్లూ గట్టుకింద వడ్డన నాదే. తర్వాత అందరూ పైకి వెళితే సంచుల దగ్గర కాపలా కూడా నాదే. ఇక్కడి కరవాంగులనే నల్లపిట్టలు జిప్పులు సైతం లాగేస్తాయట. ఒక్కదాన్నే వద్దామంటే నాకు డ్రైవింగ్ రాదు. నేర్పుతానని మెల్విన్ ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. ఈ వారం దాటితే పూలుండవని నిన్న మేం బసకి దిగిన క్యాబిన్‌లో కోడిముక్కలు వేపుతూ చెప్పాను. "మొక్కలెక్కడికి పోతాయే? నెక్స్ట్ టైమ్ చూద్దువుగాని, ముందు ఉప్పు చూడు" అన్నాడు.

గట్టుకింద దుప్పటి పరిచారు. పైన ఆకాశానికి ఆనుకుని గట్టు కనిపిస్తోంది, ఐదు నిమిషాల ఎక్కుడు. నేను మూత తీశాను. మా గుంపులో పెద్దాయన ఏసుమణి అంకుల్ ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థన ఒక పట్టాన తెమలదు. ఇక్కడ స్థిరపడే పీఆర్ వీసా కోసం ఎదురుచూసేవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నాక, "ఈ ఆహారాన్ని సిద్ధపరచిన హస్తాలను దీవించు ప్రభువా" అన్నారు.

కళ్ళు తెరిచి నా చేతులు చూసుకున్నాను. గోళ్ళలో పసుపు. సంచి తాడు కోసుకుపోయి వేళ్ళు ఎర్రగా కందాయి. ఎన్ని వందలసార్లు దీవించారో వీటిని! ఎవ్వరూ ఒక్క సంచీ అందుకోలేదు. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. గరిటె డబ్బాలో గుచ్చి, చప్పుడు కాకుండా లేచాను.

వీపు మీద బరువు లేకపోతే ఇంత గబగబా ఎక్కగలనని నాకే తెలియదు. చివర్లో బండలు పట్టుకుని పాకాను. గట్టు మీద కాలుపెట్టేసరికి కింద ప్రార్థన ఇంకా సాగుతోంది. కాసేపటికి "ఆమెన్" వినిపించింది. వెంటనే మెల్విన్ గొంతు.

"జెన్సీ! ఎక్కడున్నావ్? వడ్డించవా?"

"గరిటె డబ్బాలోనే ఉంది. తిన్నాక సంచులకి కాపలా నువ్వుండు!"

"ఎంతసేపే?"

ఎటు చూసినా తెల్లగా పూలు, గాలికి ఊగుతున్నాయి. మొదటి పువ్వు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.