ఎవరిస్తో నిలబడ్డాడు

డాలస్ పక్కనున్న కాపెల్‌లో సాకర్ ఎలా పెంచాలన్న విషయంలో రాగిణికీ భీమశంకరానికీ మొదటినుంచీ పడలేదు.

రాగిణిది నిజామాబాద్. చదువుకునే రోజుల్లో రాష్ట్ర జట్టుకి ఆడింది. ఇప్పుడు డాలస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. మంగళవారం సాయంత్రాలు ఆఫీసు కాగానే పార్కుకి వెళ్ళి, గడ్డిలో ఆరెంజ్ కోన్లు పెట్టి, మెడలో ఈల వేసుకుని, వచ్చిన తెలుగు పిల్లలకి ఆట నేర్పుతుంది. వచ్చేది నలుగురు. అందులో ఒకడు, వాళ్ళమ్మ పక్క కోర్టులో టెన్నిస్ ఆడుతుంటుంది కాబట్టి, వేరే దారిలేక వస్తాడు. నిజంగా ఆట మీద ప్రాణం పెట్టింది తొమ్మిదేళ్ళ అవని ఒక్కతే.

భీమశంకరం రాజమండ్రి మనిషి, తెలుగువాళ్ళ సాకర్ క్లబ్బుకి ప్రెసిడెంటు. ఆట నియమాలు ఆయనకి ఎంతోమంది విడమరచి చెప్పారు. ఆయన మర్యాదకి తలూపాడు గానీ దేన్నీ ఒప్పుకోలేదు. ఆయన బాధల్లా ఒక్కటే. ఆదివారం లీగ్‌లో తన క్లబ్బు పెద్దల జట్టు ఓడిపోతూ ఉంటే చూడటానికైనా ఒక్కరూ రారు. పక్కనే క్రికెట్ గ్రౌండు మాత్రం జాతరలా ఉంటుంది. అక్కడ మైకులో కామెంటరీ, ట్రేలనిండా బిర్యానీ. గాలి ఇటు తిరిగితే ఆ వాసనకి తన గోల్‌కీపరే తల అటు తిప్పి చూస్తాడు.

ఒక శనివారం భీమశంకరం కమిటీని ఇంటికి పిలిచాడు.

"పెద్ద లీగ్‌వాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. ఫారిన్‌లో ఆడి ఆడి అలిసిపోయిన స్టార్లని సైన్ చేసుకుంటున్నారు. స్టేడియాలు నిండిపోతున్నాయి. మనమూ ఒకాయన్ని తెద్దాం," అన్నాడు.

"గట్ల ఆట పెరగదన్నా," అంది రాగిణి. "ఆయన్ని చూడనీకి వచ్చేటోళ్ళు ఆయన పోంగనే పోతరు. పిల్లలకి గ్రౌండ్ కావాలె, కోచ్‌లు కావాలె, ఆడనీకి మ్యాచులు కావాలె."

"అన్నీ వస్తాయమ్మా. ముందు జనం రావాలి."

భీమశంకరం భార్య జ్ఞానప్రసూన ఉప్మా పెసరట్లు తెచ్చి పెడుతూ, "ఇంతకీ ఎవరినండీ తెచ్చేది?" అని అడిగింది.

"ఎవరిస్తో."

"ఎవరిస్తే ఏముంది, మనిషి పేరు చెప్పండి."

"అదేనే పేరు. ఎవరిస్తో."

ఈ సంగతి తేలేసరికి పెసరట్లు చల్లారిపోయాయి.

ఎవరిస్తోది ఉరుగ్వే. చాలా ఏళ్ళ క్రితం ఒక పెద్ద కప్పు సెమీఫైనల్లో, గ్రౌండ్ మధ్యనుంచి కొట్టిన బంతితో గోల్ చేశాడు. ఆ గోల్ తలచుకుని ఇవాళ్టికీ కళ్ళు తుడుచుకునే ముసలివాళ్ళు ఆ దేశంలో ఉన్నారట. చివరి రోజుల్లో ఒక అమెరికా క్లబ్బు ఆయన్ని పిలిపించుకుంది. ఆ క్లబ్బు మూతపడింది గానీ ఆయన ఇక్కడే ఉండిపోయాడు. హ్యూస్టన్ దగ్గర ఈతకొలనులకి టైల్స్ వేయించే వ్యాపారం చేసుకుంటున్నాడు. యాభై దాటాయి. కుడి మోకాలు పనిచేయదు. భీమశంకరం వెళ్ళి అడిగితే ఆయన కాసేపు ఆలోచించి ఒకటే షరతు పెట్టాడు.

"నేను పరిగెత్తను."

"అంత పెద్దవారు, మీరు పరిగెత్తడమేమిటండీ. నలుగురూ ఏమనుకుంటారు," అన్నాడు భీమశంకరం. అలా ఎవరిస్తో కాపెల్ వచ్చి భీమశంకరం ఇంట్లో గెస్ట్‌రూమ్‌లో దిగాడు.

మొదటి మ్యాచ్ అర్వింగ్ నుంచి వచ్చిన హోండురాస్ కుర్రాళ్ళతో. వాళ్ళ కెప్టెన్ విల్మర్ ఒక హోటల్లో వంటవాడు. చిన్నప్పుడు తన మంచం పైన గోడకి ఎవరిస్తో ఫొటో అంటించుకుని పడుకున్నవాడు. ఆ రోజు గ్రౌండ్ చుట్టూ వందలమంది తెలుగువాళ్ళు మడతకుర్చీలు వేసుకుని కూర్చున్నారు. క్రికెట్ గ్రౌండ్ నుంచి బిర్యానీ ట్రేలు కూడా ఇటే వచ్చేశాయి.

ఎవరిస్తో నెమ్మదిగా నడిచి గ్రౌండ్ నడిమధ్యకి చేరి నిలబడ్డాడు. మనవాళ్ళెవరో బంతిని ఆయనవైపు తోశారు. ఆయన దాని మీద పాదం పెట్టాడు. బంతి లాక్కోవడానికి దూసుకొచ్చిన విల్మర్ రెండడుగుల దూరంలో ఆగిపోయి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల దించాడు. అతని వెనకాల వచ్చినవాళ్ళూ ఆగిపోయారు. ఎవరిస్తో ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు. జనం ఊపిరి బిగబట్టారు. రిఫరీ ఒకసారి వాచీ చూసుకుని, బంతి కదలాలన్న నియమం ఏదైనా ఉందా అని గుర్తుచేసుకోబోయి, ఏదీ గుర్తురాక ఊరుకున్నాడు.

చాలాసేపటికి ఎవరిస్తో బంతిని పక్కనున్న మనవాడికి ఇచ్చాడు. అతను కంగారుపడి వెంటనే తిరిగి ఆయనకే ఇచ్చేశాడు. ఆట అలాగే సాగి, గోల్ లేకుండా ముగిసింది. ఓడిపోవడం తప్ప ఎరగని జట్టు ఆ రోజు ఓడిపోలేదు.

తర్వాత వారమూ ఓడిపోలేదు. ఆ తర్వాతా ఓడిపోలేదు. ఏ జట్టు వచ్చినా ఎవరిస్తో దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడేది. టెక్సాస్ ఎండ మండిపోతోందని భీమశంకరం ఆయన పక్కన గొడుగు పట్టే మనిషిని పెట్టాడు. గొడుగువాడు బంతిని తాకకూడదన్న షరతు మీద రిఫరీ ఒప్పుకున్నాడు. కుర్చీకి మాత్రం ఒప్పుకోలేదు. ఆటకంటూ ఒక గౌరవం ఉంటుందన్నాడు.

ఊళ్ళో ఎవరిస్తో లేని శుభకార్యం లేకుండా పోయింది. గృహప్రవేశాల్లో ఆయన చేత పాలు పొంగించారు. ఓణీల ఫంక్షన్లలో అక్షింతలు వేయించారు. ఇండియన్ స్టోర్‌లో కొత్త ఫ్రీజర్ తెస్తే ఆయన చేతే తలుపు తెరిపించారు. ఆయన అన్నిటికీ నవ్వుతూ వచ్చి, చూపించిన చోట నిలబడి, ఆ ఇంటివాళ్ళు కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసాతో తిరిగి వెళ్ళేవాడు.

అప్పుడే పిల్లలు రావడం మొదలైంది. ఒక్క వీకెండ్‌లో అరవైమందికి పైగా రిజిస్టర్ అయ్యారు. రాగిణికి మింగుడు పడలేదు గానీ, సంతోషం మాత్రం దాచుకోలేకపోయింది. మనసులో భీమశంకరానికి క్షమాపణ కూడా చెప్పుకుంది. మనిషికో బంతి కొనిపించింది, ఇంకో యాభై కోన్లు తెప్పించింది. మంగళవారం పిల్లలందరినీ వరసలో నిలబెట్టి ఈల ఊదింది.

అరవైమందీ బంతి మీద కుడిపాదం పెట్టి నిలబడిపోయారు. ఎడమవైపు చూశారు. కుడివైపు చూశారు.

"పరిగెత్తుండ్రి," అంది రాగిణి.

ఎవరూ కదల్లేదు.

"ఐ యామ్ ఎవరిస్తో, ఆంటీ," అన్నాడు ముందు వరసలో ఒకడు.

"మీరందరూ ఎవరిస్తో అయితే ఆడేదెవరు?"

"ఎవరూ ఆడర్ ఆంటీ. డ్రా అవుతుంది."

గట్టు మీదనుంచి ఒక తండ్రి "గడ్డం కొంచెం పైకి, నాన్నా" అని కొడుక్కి చెబుతున్నాడు. ఇంకో తండ్రి రాగిణి పక్కకి వచ్చి, తన కొడుకు పదినిమిషాలకే అటూ ఇటూ కదిలిపోతున్నాడనీ, నిలబడటంలో ప్రైవేట్ కోచింగ్ ఏమైనా ఇస్తారా అనీ మెల్లగా అడిగాడు. రెండు జట్లు చేసి మ్యాచ్ పెడితే బంతి మధ్యలో ఉండిపోయింది. ఒక్క అవని మాత్రం నిలబడ్డవాళ్ళ సందుల్లోంచి బంతి తీసుకుని వెళ్ళి గోల్ కొట్టి వస్తూ ఉంది. ఆ పిల్ల అందరినీ డిస్టర్బ్ చేస్తోందని ముగ్గురు పేరెంట్స్ భీమశంకరానికి మెసేజ్ పెట్టారు.

మర్నాడు రాగిణి ఆయన ఇంటికి వెళ్ళింది. "సాకర్ పెరిగింది కదమ్మా," అన్నాడు భీమశంకరం, చెయ్యి కలపబోతూ.

"పెరగలేదన్నా. నిలబడ్డది."

"నిలబడటమే కదా మనకి కావలసింది."

ఆయనతో మాట్లాడి లాభం లేదని రాగిణి నేరుగా వెనక పెరట్లోకి నడిచింది. ఎవరిస్తో అక్కడ నీడలో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. రాగిణి ఇంగ్లీషులో జరిగిందంతా చెప్పింది. ఆయనకి ముందు అర్థంకాలేదు.

"నిలబడుతున్నారా? అందరూనా? ఎందుకు?"

"మీరు నిలబడుతున్నారు కాబట్టి."

"నాకు మోకాలు పోయింది. వాళ్ళకేం పోయింది?"

ఆయన గిన్నె కింద పెట్టాడు.

"చిన్నప్పుడు నాకు ముద్ద పెట్టాలంటే మా అమ్మ వీధంతా నా వెనకాల ఉరకాల్సి వచ్చేది," అన్నాడు. "నన్నందరూ మెచ్చుకుంటుంటే బాగుందని ఊరుకున్నాను. పిల్లలు చూస్తున్నారని నాకెవరూ చెప్పలేదు."

గురువారం స్పెషల్ ప్రాక్టీస్ పెట్టించి ఆయనే వచ్చాడు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, సాకర్ అంటే పరిగెత్తడమని చెప్పాడు. అంతా శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"బట్ యూ డోంట్ రన్, అంకుల్."

ఎవరిస్తో తన టోపీ తీసి రాగిణి చేతికిచ్చి, తల గోక్కున్నాడు. "ఆదివారం రండి," అన్నాడు.

ఆదివారం మళ్ళీ అర్వింగ్ జట్టే. జనం మామూలుగానే వచ్చారు. ఎవరిస్తో బంతి మీద పాదం పెట్టగానే విల్మర్ కూడా మామూలుగానే వచ్చి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల దించాడు. అప్పుడు ఎవరిస్తో పరిగెత్తాడు.

బరువైన బీరువాని ఇద్దరు మనుషులు కలిసి గదిలోంచి గదిలోకి జరుపుతున్నట్టుంది ఆ పరుగు. చూడకూడనిదేదో కంటబడినట్టు జనం నిశ్శబ్దమైపోయారు. గొడుగువాడు ఏం చేయాలో తోచక గొడుగుతో సహా ఆయన వెనకాలే ఉరికాడు. విల్మర్ తలెత్తి చూశాడు. కదులుతున్న బంతిని చూస్తే అతని కాళ్ళు అతని మాట వినలేదు. రెండంగల్లో అందుకుని, ఎవరిస్తో పాదాల ముందునుంచి బంతిని శుభ్రంగా తీసుకుపోయాడు. తను చేసినదేమిటో మధ్యలో తెలిసి వెక్కివెక్కి ఏడుస్తూ, ఏడుపు ఆపకుండానే వెళ్ళి గోల్ కొట్టాడు.

ఆ తర్వాత ఇంక మర్యాదలు లేవు. అర్వింగ్‌వాళ్ళు గోల్ మీద గోల్ కొట్టారు. ఎవరిస్తో వాళ్ళ వెంటపడ్డాడు, స్పానిష్‌లో తిట్టాడు, పడ్డాడు, మోచేతులకి అంటిన గడ్డితో లేచి మళ్ళీ వెంటపడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది. పగలబడి నవ్వుతున్నాడు.

"ఈయనా అందరిలాగే ఆడతాడే," అని ఒకాయన కుర్చీ మడిచాడు. హాఫ్‌టైమ్ కాకుండానే సగం జనం లేచారు. బిర్యానీ ట్రేలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. రాగిణి పిల్లలవైపు చూసింది. కొందరు తల్లిదండ్రుల వెనకాల కార్లలోకి వెళ్ళిపోతున్నారు. కొందరు మాత్రం గీత దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తున్నారు.

మ్యాచ్ అయ్యేసరికి ఎవరిస్తో మోకాలు బూరెలా ఉబ్బింది. మిగిలిన ప్రేక్షకుల్లోంచి ఐదుగురు డాక్టర్లు లేచి వచ్చారు. ఇంక మ్యాచులు ఆడకూడదని ఐదుగురూ ఒకే మాటగా చెప్పారు. ఆ సాయంత్రమే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులోంచి ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు.

మంగళవారం రాగిణి ఆశ పెట్టుకోకుండానే కోన్లు పెట్టింది. పదిపన్నెండుమంది వచ్చారు. వాళ్ళలో ప్రైవేట్ కోచింగ్ అడిగిన తండ్రిగారి కొడుకు కూడా ఉన్నాడు.

"మీ డాడీ పంపిండా?"

"నో ఆంటీ. మమ్మీ తెచ్చింది. ఎవరిస్తో అంకుల్ ఫాల్ అయి, మళ్ళీ లేచి రన్ చేశాడు కదా. ఇట్ లుక్డ్ ఫన్."

వాళ్ళు ఈల ఊదకముందే ఉరుకుతున్నారు. భీమశంకరం వచ్చి రాగిణి పక్కన నిలబడ్డాడు. రెండు రోజుల్లో మనిషి కొంచెం తగ్గాడు.

"అంతమంది వచ్చారు, అంతమందీ పోయారు. తప్పెక్కడ జరిగిందంటావమ్మా?"

"నలుగురే ఉండిరి కదన్నా ముందుగాల. ఇప్పుడు చూడుండ్రి."

ఆయన వేలుతో పిల్లల్ని లెక్కపెట్టబోయాడు. వాళ్ళు ఒకచోట ఉండకపోవడంతో లెక్క కుదరలేదు.

"అయితే స్టార్‌ని తేవడం పనిచేసినట్టా, చెయ్యనట్టా?"

చెయ్యలేదని చెప్పాలని రాగిణికి చాలా ఉంది. మొదటినుంచీ తను అన్నది అదే. కానీ ఆ పిల్లల్ని చూస్తూ ఆ మాట అనలేకపోయింది. "చేసిందన్నా. ఆయన పరిగెత్తినంక," అంది.

భీమశంకరం తలూపాడు. "ఆరిజోనాలో ఒక బల్గేరియా గోల్‌కీపర్ ఉన్నాడట. అరవై దాటాయిట. గోల్‌కీపర్‌కి ఎలాగూ పరిగెత్తే పని ఉండదు," అన్నాడు.

రాగిణి వినిపించుకోలేదు. అవతల మోకాలికి పట్టీ కట్టుకున్న ఎవరిస్తో, వద్దన్నా వినకుండా గోల్ దగ్గర కాపలా నిలబడ్డాడు. అవని నేరుగా ఆయన మీదికి వెళ్ళి, ఆయన రెండు కాళ్ళ మధ్యనుంచి బంతిని వలలోకి తోసేసింది.

"ఇది చెల్లదు. నేనింకా రెడీ కాలేదు," అన్నాడు ఎవరిస్తో.

అవని వాదించలేదు. వలలోంచి బంతి తీసుకుని, మళ్ళీ కొట్టడానికి వెనక్కి నడిచింది.