చదివి వినిపించని పేజీ

ఆ విశ్వవిద్యాలయంలో చూపు లేని విద్యార్థులకు పాఠాలు చదివి వినిపించే సంఘం ఒకటి ఉండేది. దాని కార్యదర్శిని అందరూ రేడియో అనేవారు. పొద్దస్తమానం ఆ పిల్ల నోరు మూతపడదు మరి. సంఘానికి ఉన్న ఆస్తల్లా రెండో అంతస్తులో, నడవా చివర ఒక గది. కిటికీ మూస్తే బయటి చప్పుడు రాదు. చదివేవాళ్ళకూ వినేవాళ్ళకూ అంతకంటే ఏం కావాలి? అందుకే ఆ గదిమీద డాన్సు సంఘం వాళ్ళకు ఎప్పటినుంచో కన్ను.

గదిలో ఒక కట్టుబాటు ఉంది. చదివేవాళ్ళను మధ్యలో ఆపకూడదు. ఒకరు ఆపితే మిగతా అందరికీ పాఠం తెగిపోతుంది. చదవడం ముగించి "ఇక అడగండి" అన్నాకే ఎవరైనా నోరు విప్పాలి. ఎంత సందేహమొచ్చినా అందాకా ఓపిక పట్టేవారు.

ఆ ఏడు ఆఫీసువాళ్ళు కొత్త మెలిక పెట్టారు. ప్రతి సంఘానికీ ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉండాలట. సభ్యులు ఎవరికి వారే ఆ పేజీ ద్వారా చేరాలట. నెలాఖరుకు చాలినంత మంది చేరకపోతే గది ఖాళీ చేయాలట. ఉన్న పని మానేసి లేని పని పెట్టడంలో ఆఫీసులను మించినవాళ్ళు లేరు.

రేడియోకు పేజీలు పెట్టడం రాదు. అదే విశ్వవిద్యాలయంలో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న చెల్లెలి కాళ్ళావేళ్ళా పడింది.

"నువ్వు చెప్పు, నేను గీస్తాను. జనం ఎగబడకపోతే నన్నడుగు" అంది చెల్లెలు.

అన్నంత పనీ చేసింది. ముదురు నీలం మీద నారింజ రంగు అక్షరాలు, తెరిచిన పుస్తకం పక్కన ఒక చెవి, అడుగున క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే చేరిపోవచ్చు. సంఘం గురించి చెప్పాల్సిన మాటలన్నీ ఆ బొమ్మల్లోనే ఇమిడ్చింది.

"కింద మామూలు అక్షరాల్లో కూడా రాద్దామా?" అంది రేడియో.

"ఉన్నదే మళ్ళీ ఎందుకక్కా? అందమంతా పాడైపోతుంది."

నిజమే కదా అనుకుంది రేడియో.

మెచ్చుకోలుకు లోటు లేదు. లైకులు కుప్పలుగా పడ్డాయి. లైకు కొట్టినవాళ్ళు కొట్టినట్టే వెళ్ళిపోయారు. పాఠాలు చదివే నేస్తాలు చేరారు, చెల్లెలు చేరింది, అంతే. అయినా రేడియో బెంగపడలేదు. వినేవాళ్ళు ఉన్నారుగా! వాళ్ళంతా చేరితే చాలు, గట్టెక్కినట్టే. వాళ్ళ గ్రూపులో లింకు పెట్టి, "పేజీ ఇదిగో, చేరండి" అంది.

వాళ్ళలో ఒక్కరూ చేరలేదు.

మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత ఒళ్ళు మండింది. గొంతు పోయేలా చదివి పెడుతుంటే, తనకోసం వేలు కదపడానికి వీళ్ళకు బద్ధకమా? అడిగేద్దామని నోటిదాకా వచ్చేది. అడిగి చేర్పించుకుంటే ఇక విలువేముంది అని మింగేసేది. పంతానికి పోయిందంటే పోయింది! జన్మలో మొదటిసారి నోరు కట్టేసుకుంది, అదీ నోరు విప్పాల్సినప్పుడు. పాఠం చదివేది, పుస్తకం మూసేది, మొహం ముడుచుకుని వెళ్ళిపోయేది. "ఇక అడగండి" అనడం కూడా మానేసింది.

గడువు దాటిన మర్నాడు గది ఖాళీ చేయమని ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. రేడియో గదిలోకి వెళ్ళేసరికి మాస్టారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అతనూ విద్యార్థే, చరిత్ర చదువుతున్నాడు. తేదీలన్నీ నాలుక చివర ఉంటాయని ఆ పేరు పెట్టారు. ఆఖరి పరీక్షలు దగ్గరపడి, సగం పుస్తకం ఇంకా వినాల్సి ఉంది.

"గది పోయింది మాస్టారూ! మీలో ఒక్కరంటే ఒక్కరు చేరలేదు" అని బావురుమంది.

"అదేంటమ్మా? పేజీ ఇంకా తయారవలేదు కదా?"

"ఎప్పుడో పెట్టాను!"

మాస్టారు ఫోను తీసి పేజీ తెరిచాడు. తెరమీది మాటలు చదివి వినిపించే గొంతు అందులోంచి పలికింది. "బొమ్మ. బొమ్మ. బొమ్మ." బొమ్మలో గీసిన అక్షరాలు చదవడం దానికి రాదు.

"ఎప్పుడు తెరిచినా ఇంతే. మాటలు ఇంకా రాయలేదేమో అనుకున్నాం. నీ పని మధ్యలో ఉందని, ముగించాక నువ్వే అడగమంటావని చూస్తున్నాం. చిరాగ్గా కూడా ఉంటున్నావు. ఆపడం ఎందుకులే అని ఎవరం కదపలేదు."

ఎవరికోసం పెట్టిన సంఘం, ఎవరు చేరాలని పెట్టిన పేజీ! ఇన్నేళ్ళు రేడియో వాళ్ళ పక్కన కూర్చుని చదివింది. ఆ పేజీ వాళ్ళకెలా వినిపిస్తుందో ఒక్కసారి తట్టలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

పరుగున ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా మంచివాడే, అంతా విన్నాడు.

"గడువైపోయాక నా చేతుల్లో ఏం లేదమ్మా. గది డాన్సు సంఘానికి రాసిచ్చేశాం. ఆ పేజీ మీవాళ్ళకి వినపడదని మీకే తెలియకపోతే మాకెలా తెలుస్తుంది?"

రేడియో వెనుదిరిగింది.

"పేజీ మాత్రం భలే ఉందమ్మా. మా అమ్మాయి కూడా లైకు కొట్టింది" అన్నాడు గుమాస్తా, ఊరడింపుగా.

సాయంత్రానికి డాన్సు సంఘం వాళ్ళు నిలువుటద్దాలు మోసుకొచ్చారు. వినేవాళ్ళు నడవాలో గోడవారగా కూర్చున్నారు. రేడియో చరిత్ర పుస్తకం తెరవబోతే మాస్టారు ఆపాడు.

"ముందు ఆ పేజీ చదువమ్మా. ఏం రాశారో విందాం."

చదవక తప్పలేదు. "పుస్తకం మీది, గొంతు మాది. చూపు లేదని చదువు ఆగకూడదు. మా గదికి రండి." ఆ చివరి మాట చదువుతూ గది తలుపు వైపు చూసింది.

"బాగా రాశావు. వినుంటే ఆ రోజే చేరేవాళ్ళం" అన్నాడు మాస్టారు. మిగతావాళ్ళు అవునన్నట్టు తలలూపారు. ఒక్కరైనా తిడితే బాగుండునని రేడియోకు అనిపించింది.

కళ్ళు తుడుచుకుని పాఠం మొదలుపెట్టింది. లోపల పాట మోత మొదలైంది. మాస్టారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు.

"వినపడలేదమ్మా, మళ్ళీ చదువు."

ఆమె గొంతు పెంచి మళ్ళీ చదివింది. ఈసారీ వినపడలేదు.