గంగిగోవు ఎన్నిసార్లు ఆగింది

"కొంచెం కిందికి. ఇంకొంచెం. ఆఁ, అక్కడే. కదలకు."

ఆదివారం పొద్దున్నే, స్టవ్ మీద కూరను సగంలో వదిలేసి, ఆమె టార్చి పట్టుకుని నిలబడింది. టేబుల్ మీద కంప్యూటర్ ఒక పక్కకు పడుకుని ఉంది. దాని పక్క రేకు ఊడదీసి, లోపలికి వంగి, మెత్తటి బ్రష్షుతో ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము తుడుస్తున్నాడు భర్త. తుడుస్తూ దాంతో మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా, ఏమైంది నీకు? నిన్నటిదాకా బానే ఉన్నావుగా?"

ఆ "ఏమ్మా" వినగానే ఆమె చేతిలో టార్చి కదిలింది.

"కదలొద్దన్నానా?" ఈసారి గొంతు వేరు. అది ఆమె కోసమే విడిగా దాచి ఉంచిన గొంతు.

కంప్యూటర్‌ని చూసి కుళ్ళుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా అంటే ఉంటుంది. ఇదిగో, టార్చి పట్టుకుని నిలబడి ఉంది. సవతి అయితే కనీసం నాలుగు మాటలు అనొచ్చు, జుట్టు పట్టుకోవచ్చు. ఈ రేకుడబ్బాని ఏమని తిట్టాలి? గదిలో తడిగుడ్డ పెట్టేటప్పుడు బకెట్టు దీని పక్కనే పెట్టి, పొరపాటున కాలు తగిలితే ఎలా ఉంటుందా అని ఆమె ఊహించుకున్న రోజులున్నాయి. ఊహ చాలా బాగుండేది. తర్వాత బకెట్టు దూరంగా జరిపేది, ఎందుకంటే ఒలికిన నీళ్ళు తుడవాల్సింది కూడా తనే.

ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లనూ భర్తే విడిభాగాలు కొనుక్కొచ్చి తన చేత్తో కూర్చాడు. నాలుగేళ్ళయింది. అతనికి సొంతంగా కంప్యూటర్లు కూర్చుకునే స్నేహితుల బృందం ఒకటుంది. ప్రాసెసర్లు చేసే రెండు పెద్ద కంపెనీల గురించి వాళ్ళు వాదించుకునే తీరు చూస్తే, ఆ కంపెనీలు వీళ్ళ మేనమామలవేమో అనిపిస్తుంది. అతను ఒక కంపెనీకి వీరాభిమాని. "ప్రాసెసర్ ఒక్కటే కాదు, దాని బోర్డు, దాని మెమరీ, అన్నీ కలిస్తేనే ఒక సంసారం. ఏ సంసారం నమ్మకంగా నిలబడుతుందో మనింట్లోనే తేల్చేద్దాం" అని రెండు రకాలూ పక్కపక్కన కూర్చాడు. తన అభిమాన కంపెనీది కిటికీ పక్కన, గాలి తగిలేచోట, తనకు. పోటీ కంపెనీది బీరువా వెనక మూల, ఆమెకు. స్కానింగ్ సెంటర్ డాక్టర్లు ఫోనులో చెప్పి పంపే రిపోర్టులు ఆమె ఆ మూలలో కూర్చుని టైపు చేస్తుంది.

కిటికీ పక్కదాని పేరు రాణిగారు. మూలదాని పేరు గంగిగోవు.

ఆ రెండో పేరు నిజానికి ఆమెది. "మా పెద్దకోడలు గంగిగోవు. పిల్లకి నోరు లేదు" అని అత్తగారు పెళ్ళయిన కొత్తలోనే నలుగురిలో మెచ్చుకుంది. కంప్యూటర్‌కి అదే పేరు పెట్టి భర్త మురిసిపోయాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "ఇందులో తప్పేముంది?" అంటారు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే నవ్వడం తేలిక.

రాణిగారు అలగని వారం లేదు. ఉన్నట్టుండి తెర నీలంగా మారిపోతుంది, కుయ్ కుయ్‌మని కూస్తుంది, మెమరీ నచ్చలేదంటుంది. అతను ఒకసారి బోర్డే మార్చాడు. మూడుసార్లు ఫ్యాన్లు మార్చాడు. తెర మూలన దాని వేడి ఎంతో పెద్ద అంకెల్లో కనపడేలా పెట్టుకున్నాడు. అంకె పెరిగితే చాలు, "పాపం, దాని మీద భారం ఎక్కువైంది" అని నడుస్తున్న పనులన్నీ ఆపేస్తాడు. దాని కోసం ఆఫీసుకు సెలవు పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. మూలనున్న గంగిగోవు రేకు మాత్రం కూర్చిన రోజు తర్వాత అతను ఊడదీయలేదు. "దానికేం, గంగిగోవు" అంటూ అటుగా వెళ్ళేటప్పుడు దాని నెత్తిన ఒకటి తట్టి వెళ్తాడు.

ఈ మధ్య ఆమెకు కళ్ళు తిరుగుతున్నాయి. వంగి లేచేసరికి గది గుండ్రంగా కదులుతుంది. ఒకరోజు సింకు పక్కన నేలమీదే కూర్చుండిపోయింది. కుక్కర్ కూత వేస్తుంటే ముందు స్టవ్ ఆపాలి కదా అని గోడ పట్టుకుని లేచింది. ఆ సాయంత్రం భర్తకు చెబితే, "నీళ్ళు తాగవు, అందుకే" అన్నాడు. చూపు తెర మూలనున్న అంకె మీద ఉంది. ఆ క్షణంలో ఆమె, తనకూ నుదుటి మీద పెద్ద అంకె ఒకటి వెలిగితే బాగుండునని నిజంగా అనుకుంది.

ఈరోజు భోజనానికి మరిది, తోటికోడలు, వాళ్ళ దగ్గరే ఉంటున్న అత్తగారు వస్తున్నారు. అత్తగారికి వచ్చే నెల మోకాలి ఆపరేషన్. తర్వాత మూడు నెలలు లేపాలి, కూర్చోబెట్టాలి, స్నానం చేయించాలి, ఎత్తి పట్టుకుని నడిపించాలి. ఎవరింట్లో అన్నది ఈరోజు తేలాలి. తేలేదేముంది, అందరి మనసులోనూ ఎప్పుడో తేలిపోయింది. వంగితే గది తిరిగే మనిషి ఇంకో మనిషిని ఎత్తి ఎలా నడిపిస్తుందన్నది ఆమెకు ఒక్కదానికే తెలిసిన సమస్య.

భోజనాల దగ్గర మాట మొదలుపెట్టింది మరిదే. "అమ్మ ఇక్కడుంటేనే మంచిదన్నయ్యా. మా ఆవిడకి తలనొప్పులు. వదినైతే మాకు బెంగ ఉండదు."

"దానికేం" అన్నాడు భర్త. అచ్చు అదే మాట, అదే గొంతు. నెత్తిన తట్టడం ఒక్కటే తక్కువ.

"పెద్దది ఉండగా నాకేం భయంరా" అంది అత్తగారు, ఇంకొంచెం కూర వడ్డించుకుంటూ.

ఆమె తోటికోడలి వైపు చూసింది. కుటుంబంలో ఇంకో రాణిగారు ఈవిడ. తలనొప్పి వచ్చిందంటే కిటికీ తెరలు మూసేస్తారు, టీవీ గొంతు తగ్గిస్తారు, మరిది పక్కన కూర్చుని నుదురు నొక్కుతాడు, సాక్షాత్తూ అత్తగారు కాఫీ కలిపి గదిలోకి తీసుకెళ్తుంది. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంటే ఆమె వంటింట్లో స్టీలు మూతని కావాలనే వదిలేసింది. అది గిరగిరా తిరిగి తిరిగి పడుకునేదాకా వింటూ నిలబడింది. ఆ చప్పుడు ఎంత హాయిగా అనిపించిందో ఎవరికీ చెప్పుకోలేదు.

గిన్నెలు సింకులో పడ్డాక తోటికోడలు వెనకాలే వచ్చి, తువ్వాలు తీసుకుని కడిగినవి తుడవడం మొదలుపెట్టింది.

"ఒక మాట చెప్తే ఏమీ అనుకోరుగా అక్కా? మీరంటే నాకు చచ్చేంత కుళ్ళు."

ఆమె కుళాయి కట్టేసింది. "నేనంటేనా?"

"మరి? ఇంట్లో పొద్దస్తమానం మీ పారాయణమే. పెద్దది ఇలా, పెద్దది అలా. నేను ఉప్పు సరిగ్గా వేసినా మీ లెక్కకి తూగదు. తలనొప్పి వచ్చిన రోజు తప్ప నన్ను ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు లేరు." గొంతు తగ్గించి అంది. "ఒక్కోసారి తగ్గిపోయాక కూడా తగ్గలేదని చెప్తాను."

ఆమెకు కోపం రావాలి. రాలేదు. తగ్గలేదని చెప్పొచ్చన్న సంగతి తనకు ఇన్నేళ్ళలో తట్టనే లేదే అని మళ్ళీ కుళ్ళు పుట్టింది. కానీ ఈసారి దాంట్లో మంట తక్కువ.

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అని భర్త కేక వేశాడు.

ముందుగదిలో రాణిగారు ఇంకా పడుకునే ఉంది. అతను ఫోనులో తన బృందానికి రాస్తున్నాడు, మరిది భుజం మీంచి చూస్తున్నాడు. నాలుగేళ్ళ పోటీకి తీర్పు ఈరోజు పంపాలట.

"నా కంపెనీ ఓడిపోయినా సరే, నిజమే రాయాలి" అన్నాడు, త్యాగం చేస్తున్న మొహంతో. "రాణిగారి జబ్బులన్నీ రాసేశాను. గంగిగోవు ఒక్కసారి కూడా ఆగలేదు కదా? సున్నా వేస్తున్నా."

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఆగింది."

"ఆగిందా? ఎప్పుడు?"

"మొదటి ఏడే. చెప్పాను మీకు. 'నువ్వే ఏదో నొక్కి ఉంటావ్' అన్నారు, తల కూడా తిప్పకుండా. తర్వాత మళ్ళీ చెప్పలేదు."

"తర్వాత కూడా ఆగిందా?"

"రిపోర్టు మధ్యలో తెర నల్లబడిపోయేది. టైపు చేసిందంతా పోయేది, మళ్ళీ చేసేదాన్ని. చలికాలం పొద్దున్న మొదటిసారి నొక్కితే లేవదు. కాసేపాగి ఇంకోసారి నొక్కాలి. మరీ మొండికేస్తే రేకు విప్పి, మెమరీ పలక బయటికి లాగి, దాని పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెడతాను. మీరు రాణిగారికి చేస్తుంటే టార్చి పట్టుకున్నది నేనేగా, చూసి నేర్చుకున్నా."

మరిది గట్టిగా నవ్వాడు. "అయితే తీర్పు గోవిందా, అన్నయ్యా!"

భర్త నవ్వలేదు. ఫిర్యాదు రాకపోతే జబ్బు లేదనుకుని నాలుగేళ్ళు గడిపేసిన మనిషి మొహం ఎలా ఉండాలో అలాగే ఉంది. "ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఎవరు లెక్కపెట్టారు? సున్నా మాత్రం కాదు."

అతను స్క్రూడ్రైవర్ అందుకుని గబగబా బీరువా వెనక మూలకు నడిచాడు. నాలుగేళ్ళలో మొదటిసారి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రేకు మీద చెయ్యి వేసి, మెత్తగా అన్నాడు. "ఏమ్మా, ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

తర్వాత అలవాటుగా చెయ్యి వెనక్కి చాపాడు. "టార్చి పట్టుకో."

ఆ చెయ్యి అలా గాలిలో ఉంది. ఆమె టార్చి తీసుకోలేదు. రాణిగారి ముందు అతను కూర్చునే పెద్ద కుర్చీ, కిటికీ గాలి తగిలే కుర్చీ, దాన్ని ఇవతలికి లాక్కుని కూర్చుంది. వెనక్కి వాలింది కూడా.

"రేపు నేను డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. అత్తయ్యగారి ఆపరేషన్‌కి సెలవులు అన్నదమ్ములిద్దరూ పంచుకుని పెట్టండి."

"ఇప్పుడు డాక్టరెందుకు? బానే ఉన్నావుగా?" అతను మూలలోంచే తల తిప్పి చూశాడు.

అత్తగారు సోఫాలోంచి ముందుకు వంగింది. "అదేమిటే, నువ్వు కూడా ఇలా అంటే ఎలా? ఎన్నడూ నోరెత్తని దానివి, గంగిగోవువి..."

వంటింటి గుమ్మంలో తోటికోడలు తుడిచిన గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుర్చీలోంచి లేవకుండానే ఆమె అత్తగారి వైపే చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"నేనూ చాలాసార్లు ఆగిపోయాను అత్తయ్యా. చప్పుడు చెయ్యకుండా నన్ను నేనే లేపుకున్నాను. ఇక లేపుకోను."